విద్యుత్ కారుకు వద్దనుకున్న అప్‌డేట్: ఆపడం ఎంతవరకు సాధ్యం?

పెట్రోలు కారు కొన్ననాడు ఎలా ఉందో, మెకానిక్కు చేయి పెట్టేంతవరకు దాదాపు అలాగే ఉంటుంది. విద్యుత్ కారు సంగతి వేరు. కంపెనీ పంపిన సాఫ్ట్‌వేర్‌కు యజమాని రాత్రి సరేనంటే, తెల్లవారేసరికి తెరమీది గుర్తుల వరుస మారవచ్చు, బ్రేకు పడే తీరు మారవచ్చు, ఒక నిండు చార్జికి నడిచే దూరం కూడా మారవచ్చు. ఈ మార్పు అక్కరలేదనుకున్నవారికి ఉన్న స్వేచ్ఛ ఎంత? ఈ పద్ధతిని మొదట విస్తృతంగా ఆచరణలో పెట్టిన అమెరికా కంపెనీ టెస్లా కార్లను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

యజమానుల్లో అనుమానం బలపడింది 2019లో. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో షాంఘై, హాంకాంగ్ నగరాల్లో నిలిపి ఉంచిన మోడల్ ఎస్ కార్లు అంటుకున్నాయి. దరిమిలా కంపెనీ ముందుజాగ్రత్త పేరిట మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లకు ఒక అప్‌డేట్ పంపింది. దానిని వేసుకున్న కొన్ని కార్లలో బ్యాటరీ గరిష్ఠ వోల్టేజి సుమారు 10 శాతం తగ్గింది. దానితోపాటు ప్రయాణ దూరమూ తగ్గింది. కాలిఫోర్నియాలో దావా పడింది. 2021లో కంపెనీ 15 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకొని, 1,743 కార్ల యజమానులకు కారుకు 625 డాలర్ల చొప్పున ఇవ్వడానికి అంగీకరించింది. అప్పటికే వాటిలో చాలా కార్లకు మరో అప్‌డేట్ ద్వారా వోల్టేజిని తిరిగి పెంచారు. తగ్గించడానికీ పెంచడానికీ ఎవరూ పానా పట్టలేదన్నది గమనార్హం.

అలాగని అప్‌డేట్లన్నీ అనుమానించదగినవి కావు. 2018లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక జరిపిన పరీక్షలో, గంటకు 60 మైళ్ల వేగంతో పోతున్న మోడల్ 3 ఆగడానికి 152 అడుగులు పట్టింది. కొద్ది రోజుల్లోనే వచ్చిన అప్‌డేట్‌తో అది 133 అడుగులకు తగ్గింది. అడ్డం వచ్చిన పాదచారికి ఆ 19 అడుగుల విలువ ఎంతో చెప్పనక్కరలేదు. 2016లో చైనాకు చెందిన కీన్ సెక్యూరిటీ ల్యాబ్ పరిశోధకులు దూరాన కూర్చొని మోడల్ ఎస్ బ్రేకులు వేసి చూపగా, ఆ లోపాన్ని పూడ్చిందీ అప్‌డేటే. చిక్కల్లా, మేలు చేసేదీ చిరాకు పుట్టించేదీ ఒకే మూటలో వస్తాయి. ఇది కావాలి, అది వద్దు అని ఏరుకునే వీలుండదు.

వాయిదా వేసే మార్గాలు మాత్రం ఉన్నాయి. అప్‌డేట్ ముందు కారులోకి దిగుతుంది, తరువాత యజమాని అనుమతితో అమలవుతుంది. దిగడం ప్రధానంగా వైఫై మీద జరుగుతుంది కనుక, కారును ఇంటి వైఫైకి కలపకుండా ఉంచడం మొదటి ఉపాయం. కొన్ని మొబైల్ నెట్‌వర్క్ ద్వారానూ రావచ్చు కాబట్టి ఇది పూర్తి కట్టుదిట్టం కాదు. రెండవది, సాఫ్ట్‌వేర్ విభాగంలో ‘అడ్వాన్స్‌డ్’ అని ఉంటే ‘స్టాండర్డ్’కు మార్చడం. అప్పుడు కొత్తది మొదటి విడతలో మనకు రాదు. ఇతరుల అనుభవం తెలుసుకునే వ్యవధి చిక్కుతుంది. అన్నింటికంటే సులువైనది, అడిగినప్పుడు అనుమతి ఇవ్వకపోవడమే. ఫోన్‌లోని యాప్ నుంచి కూడా అనుమతి ఇవ్వవచ్చు గనుక, ఆ యాప్ ఇంట్లో ఎవరెవరి చేతిలో ఉందో చూసుకోవాలి.

ఒకసారి వేసుకున్నాక పాత రూపానికి మరలే దారి లేదు. కంపెనీ ఇచ్చే యజమాని పుస్తకంలోనే ఈ మాట స్పష్టంగా ఉంది. వేసుకోకుండా ఉంటే కొన్ని సదుపాయాలు అందకుండా పోవచ్చుననీ అదే పుస్తకం హెచ్చరిస్తోంది. కాబట్టి రెండు మూడు వారాలు ఆగడం వివేకమే గాని, ఏళ్ల తరబడి నిరాకరించడం కాదు. ముఖ్యంగా రీకాల్‌గా ప్రకటించిన అప్‌డేట్‌ను వాయిదా వేయడం తగదు. 2023 డిసెంబరులో అమెరికాలో 20 లక్షలకు పైగా టెస్లా కార్లకు, డ్రైవరు దృష్టి రోడ్డు మీద ఉండేలా హెచ్చరికలు పెంచుతూ పంపినది అటువంటిదే. ఆ హెచ్చరికలు విసుగనిపించవచ్చు. ప్రమాదాల మీద జరిగిన విచారణ తరువాత వచ్చినవవి.

టెస్లా 2025 జూలైలో ముంబైలో తొలి షోరూమ్ తెరిచింది. మన హోసూరులో తయారయ్యే ఏథర్ స్కూటర్లకూ అప్‌డేట్లు గాలిలోనే అందుతున్నాయి. కనుక ఇది ఇకపై పరాయి ముచ్చట కాదు. అనుమతించే ముందు అప్‌డేట్‌తో వచ్చే వివరణను చదవండి. టెస్లా కారైతే, అమలవుతున్నంతసేపు నడపడానికి వీలుండదు, చార్జింగ్ కూడా ఆగుతుంది. తెల్లవారుజామున ప్రయాణం ఉంటే ఆ రాత్రి దాని జోలికి పోవద్దు.