మైనముపై గాంధారము

కోటబొమ్మాళి దాటి ఉద్దానము వైపు పోవువారికి పనసచెట్లు కన్నులపండువు. ఆ జాతి మ్రానునే తొలిచి బొబ్బిలి దాపున గొల్లపల్లి శిల్పులు ఏకాండి వీణలు చేయుదురు. 24 మెట్లను మైనముపై నిలిపి మేళము కట్టినగాని అది పలుకదు.

నేడు శ్రుతిని కొలుచు యంత్రము చేతి ఫోనులోనే ఉన్నది. అది స్థాయిని 1200 సెంట్లుగా, పన్నెండు సమభాగములుగా పంచి అంతర గాంధారమును 400 వద్ద చూపును. తంబురా షడ్జపు తీగలో తనంత తాను పుట్టు గాంధారమో, సుమారు 386. పియానోకు ఆ 14 సెంట్ల ఎడము తప్పదు. దానిపై ఏ స్వరమైనను ఆధారము కావలెను గదా! వీణకు ఆధారషడ్జ మొక్కటే. యంత్రమును నమ్మి నిలిపిన గాంధారము దానితో పోరును.

సందడిలో షడ్జము కుదుర్చుకొనుటకు యంత్రము మేలే. పిమ్మట మైనము మెత్తగా నుండగనే మెట్టును వెంట్రుకవాసి జరిపి, మీటి, మరల వినవలసినది చెవియే.