నిదానం

సంస్కృతంలో 'నిదాన' శబ్దానికి మూలకారణమని అర్థం. వైద్యులు దానిని రోగకారణ నిర్ణయమనే అర్థంలో వాడారు. మాధవకరుడు రచించిన 'రోగవినిశ్చయం' లోకంలో 'మాధవనిదానం'గానే ప్రసిద్ధి పొందింది. అందులో వ్యాధుల వరుస జ్వరంతోనే మొదలవుతుంది. తెలుగులోకి వచ్చేసరికి ఈ మాటకు తొందరపాటు లేకపోవడమనే అర్థం బలపడింది. బానెట్టు కిందినుంచి ఆవిరి చిమ్ముతున్న కారు ముందు నిలిచిన వానికి ఈ రెండర్థాలూ అవసరమే.

అంబాసిడర్ కారునే ఉదాహరణగా తీసికోవచ్చు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1957 నుండి 2014 వరకు దీనిని తయారుచేసింది. చాలాకాలం ఇందులో ఉన్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఆ ఇంజను వేడికి తగినట్లే రేడియేటరునూ, బెల్టుతో తిరిగే ఫ్యానునూ అమర్చారు. తరువాతి యజమానులు తమ అవసరాన్ని బట్టి ఒకరు ఏ.సి. బిగించారు, మరొకరు గ్యాసు కిట్టు పెట్టించారు, ఇంకొకరు ఏకంగా డీజిలు ఇంజనునే దింపారు. పాత ఇంటిపై కొత్త అంతస్తు లేపినట్లు జరిగిన ఈ మార్పులలో పునాదిని చూసినవారు తక్కువ.

ఇంజనులో మండే ఇంధనపు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. ఇంచుమించు మూడవ వంతు వేడిగా నీటిలోకి చేరుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా పోతుంది. వాటర్ పంపు ఆ నీటిని రేడియేటరుకు పంపగా, సన్నని గొట్టాల మధ్యగా వీచే గాలి దానిని చల్లబరుస్తుంది. అంటే వేడిని మోసేది నీరు, మోయించుకొనిపోయేది గాలి. ఈ రెండింటిలో ఏది తప్పిందో తేల్చడమే నిదానంలో మొదటి మెట్టు.

విజయవాడలో అద్దెకు తిరిగే ఒక పాత అంబాసిడరును ఊహించుకొందాం. యజమాని దానికి ఏ.సి. బిగించి, రేడియేటరు ముందు అదనంగా ఒక కరెంటు ఫ్యాను పెట్టించాడు. మే నెలలో బండి కాగడం మొదలైంది. ఒక షెడ్డులో రేడియేటరు మార్చారు, మరొక షెడ్డులో వాటర్ పంపు మార్చారు. మూడవచోట థర్మోస్టాటును తీసి పారవేశారు. పదిరోజుల సంపాదన పోయింది, కాగడం మాత్రం పోలేదు. ఎప్పుడు కాగుతోందని ఎవరూ అడుగలేదు.

అడిగి ఉంటే సమాధానం తేలికగానే దొరికేది. రహదారిపై వేగంగా పోయేటప్పుడు ముల్లు నడుమనే నిలుస్తోంది. కూడలిలో ఆగినప్పుడు పైకి పోతోంది. వేగంగా పోయే బండికి గాలి తనంతట తానే ఎదురువస్తుంది, నిలిచిన బండికి ఫ్యానే దిక్కు. కనుక దోషం గాలిలో ఉంది. ఇక ఏ.సి. ఆపి చూడాలి. ఔషధం, ఆహారం, విహారం మార్చి, దేనివల్ల ఉపశమనం కలిగిందో దానిని బట్టి రోగాన్ని గుర్తించే పద్ధతిని ప్రాచీన వైద్యులు 'ఉపశయం' అన్నారు. ఇదీ అటువంటిదే. ఏ.సి. ఆపగానే ముల్లు దిగింది. ఏ.సి. కండెన్సరు తన వేడినంతా రేడియేటరుకు ఎదురుగా వదలుతుంది. దాని కంప్రెసరును తిప్పే బరువు కూడా ఇంజనుపైననే పడుతుంది. ఆ అదనపు భారాన్ని తీర్చవలసిన కరెంటు ఫ్యాను ముందు కాగితం పట్టి చూస్తే, అది గాలికి లోపలికి అంటుకొనడానికి బదులు ఎగిరి బయటకు పడింది. తీగలు తారుమారుగా కలపడంతో ఫ్యాను ఎదురు తిరుగుతూ, రావలసిన గాలిని వెనుకకు నెడుతోంది! ఇంతకాలమూ వైద్యం జరిగింది రోగం లేని అవయవాలకు.

ఇందుకు విపర్యయంగా, నిలిచినప్పుడు బాగుండి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో వేగంగా పోయేటప్పుడో కాగితే నీటిని అనుమానించాలి. బోరునీరు పోసిన రేడియేటరులో సున్నపు పొర కట్టి గొట్టాలు పూడుకొనిపోతాయి. కింది హోసుపైపు మెత్తబడితే, పంపు లాగుడుకు అది చప్పబడి దారి మూసుకొంటుంది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఆలస్యంగా పడినా వేడి పెరుగుతుంది.

థర్మోస్టాటును తీసివేయడం మన షెడ్లలో పాత అలవాటు. ఇది వైద్యం కాదు, లక్షణాన్ని కప్పిపుచ్చడం. చాలా ఇంజనులలో సుమారు 82 డిగ్రీల వద్ద తెరచుకొని నీటిని రేడియేటరుకు వదలే ఆ చిన్న తలుపు లేకపోతే, ఇంజను తగినంత వేడెక్కడానికి ఆలస్యమై లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. అనుమానముంటే దానిని నీళ్లగిన్నెలో వేసి కాచి, థర్మామీటరు పెట్టి, ఎక్కడ తెరచుకొంటుందో చూడవచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

రేడియేటరు మూతను చాలామంది ఉత్త మూతగానే భావిస్తారు. అది లోపల ఒత్తిడిని నిలుపుతుంది. చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. మూతలోని స్ప్రింగు బలహీనమైతే నీరు ముందే పొంగిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను తెరవరాదు. ఒత్తిడి తొలగిన క్షణంలో నీరు ఆవిరై చిమ్మి, ముఖమూ చేతులూ కాలుతాయి. ఇంజను పూర్తిగా చల్లారే వరకు ఆగడమే మార్గం.

ఇంజనునే మార్చిన బండిలో మరికొన్ని చిక్కులుంటాయి. కొత్త ఇంజను హెడ్డు రేడియేటరుకంటే ఎత్తుగా ఉంటే పైన గాలి చిక్కుకొని నీరు అందదు. బండి ముందుభాగాన్ని ఎత్తులో నిలిపి నీరు నింపితే ఆ గాలి వెలుపలికి వస్తుంది. పాత మీటరుకు కొత్త ఇంజను సెన్సారును తగిలిస్తే, ఆ రెండింటికీ పొందిక కుదరక ముల్లు అబద్ధం చెప్పవచ్చు. ఏ భాగాన్నైనా విప్పకముందే అసలు వేడిని వేరొక థర్మామీటరుతో సరిచూడాలి.

చాలాకాలం కాగిన బండికి హెడ్ గ్యాస్కెట్ పోవడం సహజం. చల్లని ఇంజనును మూత తెరచి నడిపితే రేడియేటరులో ఎడతెగని బుడగలు, పొగగొట్టం నుండి ఆగని తెల్లని ఆవిరి, ఆయిలులో పాలు కలిపిన కాఫీరంగు దాని గుర్తులు. అప్పుడు హెడ్డు దించక తప్పదు. దించిన తరువాత దానిపై తిన్నని ఇనుప స్కేలును నిలిపి, కింద సందు ఉన్నదేమో చూడాలి. హెడ్డు వంగి ఉంటే ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా నీరు మళ్లీ కారుతూనే ఉంటుంది.