లైసెన్సు ఎవరి మేలు కోసం?



అమలాపురంలో మా అమ్మమ్మగారి అరుగు మీద ఒక కంసాలి కుంపటి పెట్టుకుని, ఆవిడ కళ్ళెదుటే పుస్తెలు చేసిచ్చేవాడట. ఆయన దగ్గర ఏ కాగితమూ ఉండేది కాదు. పనితనం, ఊళ్ళో మంచిపేరు, అవే ఆయనకి లైసెన్సు.

1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. చైనా యుద్ధం తరువాత విదేశీ మారకం కరువైంది, దొంగబంగారాన్ని అరికట్టాలని ప్రభుత్వం ఉద్దేశం. 14 క్యారట్లు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. అంటే 24 పాళ్ళలో 14 పాళ్ళే బంగారమన్నమాట. అలాంటి పుస్తెలు ఎవరు చేయించుకుంటారు చెప్పండి? దేశమంతటా కుంపట్లు చల్లారిపోయాయి, కంసాలుల ఆత్మహత్యలూ జరిగాయి. మా అమ్మమ్మగారి కంసాలి ఒట్టి చేతులతో వచ్చి, "ఏ పనైనా సరే, ఉంటే చెప్పండి అమ్మగారూ" అన్నాడని చెబుతూ ఆవిడ కళ్ళొత్తుకునేది.

1966లో క్యారట్ల షరతు పోయింది. కాని 1968 చట్టం కంసాలికి సర్టిఫికెట్టూ, వర్తకుడికి లైసెన్సూ ఉండాలంది. లైసెన్సు ఇచ్చేముందు ఆ ప్రాంతంలో ఇప్పటికే ఎందరు వర్తకులున్నారో, ఇంకొకరు ప్రజాప్రయోజనమో కాదో చూడాలంది. ఇవేవీ స్పష్టంగా లేవని 1969లో సుప్రీంకోర్టు ఆ సెక్షను కొట్టేసింది. చివరికి 1990లో చట్టమే రద్దయింది.

అలాగని లైసెన్సులే వద్దంటామా? మందుల షాపు సంగతి చూడండి. డాక్టరు చీటీకి మందిచ్చేవారు రిజిస్టరైన ఫార్మసిస్టు అయివుండాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. పిల్లాడికి పట్టే సీసాలో ఏముందో మనకి కనపడదు. పొరపాటు జరిగిందా, దిద్దుకోలేం. అక్కడ ఆ కాగితం మనకి కాపలా.

బంగారంలో కల్తీ కూడా మన కంటికి ఆనదు. అందుకే 2021 జూన్ నుంచి జిల్లాలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేస్తూ వచ్చారు. నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఉంటుంది. 'బీఐఎస్ కేర్' అనే యాప్‌లో దాన్ని మీరే సరిచూసుకోవచ్చు. ఇది పనివాళ్ళు ఎందరుండాలో లెక్కపెట్టదు, వస్తువు నాణ్యం చూస్తుంది. తేడా అక్కడే ఉందండీ.

కాబట్టి ఏ వృత్తికైనా లైసెన్సు ఉండాలన్నప్పుడు, అది మనకి తెలియని ప్రమాదాన్ని ఆపుతోందా, లేక చేతనైనవాడి కూడు తీస్తోందా అని అడుగుదాం. ఈసారి నగ కొన్నప్పుడు తరుగూ మజూరీతో పాటు ఆ గుర్తు కూడా చూసుకోండి.