చెస్టర్‌ఫీల్డ్ కొంటున్నారా? ముందు దాని వీపు చూడండి

1773 మార్చిలో లండన్‌లో ఓ పెద్దమనిషి చివరి ఘడియల్లో ఉన్నాడు. పేరు ఫిలిప్ స్టాన్‌హోప్, హోదా చెస్టర్‌ఫీల్డ్ నాలుగో ఎర్ల్. నడవడిక గురించి కొడుక్కి రాసిన ఉత్తరాలతో తర్వాతి తరాలకు గుర్తుండిపోయిన మనిషి. డేరోల్స్ అనే మిత్రుడు పలకరించడానికి వస్తే, ఆయనకు కుర్చీ వేయమని నౌకరుకు చెప్పాడనీ, అవే ఆఖరి మాటలనీ అంటారు. సోఫాల వ్యాపారులు ఈ కథకు ఓ తోక తగిలించారు. నౌకరు ఆ మాటను మరోలా అర్థం చేసుకుని కుర్చీని ఏకంగా డేరోల్స్ ఇంటికే పంపేశాడట, దాన్ని చూసి ముచ్చటపడ్డవాళ్లంతా అలాంటివే చేయించుకున్నారట. కోటు నలగకుండా నిటారుగా కూర్చునే ఆసనం కావాలని రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పికి ఎర్ల్‌గారే పురమాయించాడని ఇంకో కథ. రెండింటికీ గట్టి ఆధారం లేదు. అయినా షోరూముల్లో సేల్స్‌మన్లు వీటిని చెప్పకుండా వదలరు.

మనం ఇవాళ చూస్తున్న రూపం, అంటే వీపు నిండా లోతైన బొత్తాలు, గుండ్రంగా చుట్టిన చేతులు, అంచుల వెంట వరసగా ఇత్తడి మేకులు, 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి కాలంలో స్థిరపడింది. చుట్టల స్ప్రింగులు వాడుకలోకి వచ్చాక వాటి మీద గుర్రపు వెంట్రుకలు మందంగా కూరాల్సి వచ్చింది. మనుషులు కూర్చుని లేస్తుంటే ఆ కూర్పు ఒక పక్కకు జరిగి గడ్డలు కట్టేది. అందుకని గట్టి దారం గుచ్చి లోపలికి లాగి, పైన బొత్తం వేసి బిగించారు. బొత్తానికీ బొత్తానికీ మధ్య మిగిలిన తోలును మడతపెడితే వజ్రాకారపు గళ్లు పడ్డాయి. చూడముచ్చటగా ఉన్న ఆ బొత్తాలు అలంకారానికి పుట్టలేదన్నమాట. లోపలి సరుకును పట్టి ఉంచడమే వాటి పని. కొనేవాళ్లకు ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

అసలైన బొత్తాల పనిలో దారం ఫోమ్‌ను చీల్చుకుంటూ వెనకదాకా వెళ్లి అక్కడ ముడిపడుతుంది. మడతలను మేస్త్రీ చేత్తో ఒక్కొక్కటిగా మడిచి సర్దుతాడు. చౌక రకాల్లో అంత ఓపిక ఉండదు. మిషన్ మీద గళ్లు కుట్టేసిన షీటును ఫోమ్ మీద పరిచి, కూడళ్లలో బొత్తాలు తగిలిస్తారు. తేడా కనిపెట్టడం తేలికే. మడతలోకి వేలు పోనివ్వండి. నిజమైన మడత విచ్చుకుని వేలు లోపలికి దిగుతుంది, ఉత్తుత్తి దానిలో కుట్టు అడ్డుపడుతుంది. తర్వాత సోఫాను వెనక్కి తిప్పించండి. షాపువాళ్లు కాస్త విసుక్కుంటారు, పట్టించుకోనక్కర్లేదు. వీపు వెనక బట్ట గానీ తోలు గానీ విప్పడానికి వీలుగా ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. ఎంత మంచి సోఫాకైనా ఏదో ఒకనాడు బొత్తం ఊడుతుంది. వెనక విప్పగలిగితే ఊళ్లో ఉన్న ఏ సోఫా మేస్త్రీ అయినా మళ్లీ బిగించేస్తాడు. విప్పడానికి వీల్లేకపోతే ఆ చోటు అలాగే ఉబ్బి వెక్కిరిస్తూ ఉంటుంది.

ఇక కూర్చునే భాగం సంగతి. పాత పద్ధతిలో సీటు మీద కూడా బొత్తాలు ఉంటాయి. ఫొటోల్లో దానికి మించిన అందం లేదు. రోజూ మసలే ఇంట్లో మాత్రం అది పనికిరాదు. మిక్చర్ పలుకులు, జంతికల ముక్కలు, పిల్లల పెన్సిల్ చెక్కిన పొట్టు, చిల్లర నాణేలు అన్నీ ఆ గుంటల్లోకే చేరతాయి. పైగా ఆ సీటును తిరగేయలేం, ఒకేచోట కూర్చునేవాళ్ల బరువుకు అక్కడే కుంగుతుంది. వీపుకూ చేతులకూ బొత్తాలు, కూర్చునే చోట విడిగా తీసే సాదా కుషన్లు ఉన్న రకం మన ఇళ్లకు సరైనది. నెలకోసారి కుషన్ల చోటు మార్చి, వీలుంటే తిరగేస్తే అన్నీ సమానంగా అరుగుతాయి.

చెస్టర్‌ఫీల్డ్‌కు ఉన్న అసలు ఇబ్బంది ఎత్తు. దీని చేతులూ వీపూ ఒకే ఎత్తులో, సుమారు రెండున్నర అడుగుల దగ్గర ఆగిపోతాయి. తల ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. క్లబ్బుల్లో కూర్చుని కబుర్లాడేవాళ్లకు ఆ ఎత్తు చాలింది. రాత్రి భోజనం అయ్యాక రెండు గంటలు టీవీ ముందు వాలిపోయే మనిషికి మెడ పట్టేస్తుంది. మధ్యాహ్నం సోఫా చేతి మీద తల పెట్టుకుని కునుకు తీసే అలవాటున్న తాతగారికీ ఇది నచ్చదు, ఆ చెయ్యి దిండు కంటే చాలా ఎత్తు. ఇందులో ఒక లాభమూ ఉంది. తల తగలదు కాబట్టి తలనూనె మరక వీపుకు అంటదు. మన ఇళ్లలో ఎత్తు వీపు తోలు సోఫాలన్నీ ముందుగా నల్లబడేది తల ఆనే చోటే. బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు సీటు లోతు కూడా చూసుకోవాలి. పొట్టివాళ్లకు రెండడుగుల లోతు సీటులో వీపు ఆనాలంటే కాళ్లు గాల్లో వేలాడతాయి. షోరూములో అంచున కూర్చుని లేచి రావద్దు. చెప్పులు విడిచి, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా పావుగంట కూర్చోండి.

తోలు దగ్గరికి వస్తే కథ పెద్దదే. అందులో తెలుగువాళ్ల వాటా కూడా ఉంది.

పచ్చితోలు కుళ్లకుండా నిలవాలంటే దాన్ని శుద్ధి చేయాలి. దక్షిణాదిలో తరతరాలుగా ఆ పని తంగేడు చెక్కతో, కరక్కాయలతో జరిగింది. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడులోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ను గట్టిపరుస్తుంది. ఆ పద్ధతికి వారాలు పడతాయి. 1884లో అగస్టస్ షుల్ట్జ్ అనే ఆయన అమెరికాలో క్రోమియం లవణాలతో శుద్ధి చేసే విధానానికి పేటెంట్ పొందాక పని బాగా త్వరగా సాగింది, తోలు మరింత మెత్తనైంది. చెన్నై శివారులోని క్రోంపేటకు ఆ పేరు వచ్చింది అక్కడ వెలిసిన క్రోమ్ తోళ్ల ఫ్యాక్టరీ వల్లే. సోఫాలకు వాడే తోలులో ఇప్పుడు ఎక్కువ భాగం క్రోమ్ రకమే. తోళ్ల శుద్ధిని వట్టి చేతిపనిగా వదిలేయకుండా శాస్త్రంగా నిలబెట్టినవారిలో తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ముందుంటారు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను ఆయన ఏళ్ల తరబడి నడిపారు. 1985లో కనిష్క విమానం పేల్చివేతలో ప్రాణాలు కోల్పోయారు. తమిళనాడులోని రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి ఇవాళ్టికీ తోళ్ల ఊళ్లే.

షాపులో వినిపించే మాటలు మాత్రం అయోమయం కలిగిస్తాయి. తోలు పై పొరను గీకకుండా ఉన్నదున్నట్టు వాడితే ఫుల్ గ్రెయిన్. మచ్చలు పోయేలా పైన కాస్త సాన పట్టినదాన్ని సాధారణంగా టాప్ గ్రెయిన్ పేరుతో అమ్ముతారు. మందపాటి తోలును పొరలుగా చీల్చినప్పుడు కింద మిగిలేది స్ప్లిట్, బలం తక్కువ. రంగు వేయడంలోనూ రకాలున్నాయి. రంగు లోపలికి ఇంకి, పైన పూతేమీ లేని అనిలిన్ తోలు చేతికి ఎంతో హాయిగా ఉంటుంది, కానీ సాంబారు చుక్క పడితే పీల్చేసుకుంటుంది. పైన సన్నని రంగు పూత ఉన్న పిగ్మెంటెడ్ తోలు అంత మృదువుగా ఉండదు గానీ తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పిల్లలు, పచ్చడి కలిపిన అన్నం కంచాలు, కాలి పట్టీలు, మెట్టెలు తిరుగాడే హాలుకు పిగ్మెంటెడ్ రకమే తీసుకోవాలి. అనిలిన్‌ను ఎవరూ పెద్దగా కూర్చోని ఆఫీసు గదికి వదిలేయొచ్చు. తోలు ఏ రకమో తెలియాలంటే శాంపిల్ ముక్క అడిగి దాని మీద నీటిచుక్క వేయండి. చుక్క ఇంకి చోటు నల్లబడితే అనిలిన్, ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టు.

గేదె తోలు అని చెబితే మొహం చిట్లించాల్సిన పనిలేదు. మన దేశంలో అది విరివిగా దొరుకుతుంది, పై పొర కాస్త ముతకగా ఉన్నా గట్టిది. కొన్ని ఇళ్లలో ఏ తోలునూ గుమ్మం దాటి రానివ్వరు. అలాంటివారికి వెల్వెట్‌తోనో మందపాటి నూలుబట్టతోనో అదే ఆకారం చేయించుకోవడం చక్కని మార్గం. చెస్టర్‌ఫీల్డ్ రూపానికి తోలు తప్పనిసరి కాదు.

అసలు వద్దనాల్సింది నకిలీ తోలుతో చేసిన చెస్టర్‌ఫీల్డ్‌ను. తోలు పొడిని జిగురుతో అచ్చు పోసి పైన ప్లాస్టిక్ పూత వేసినది బాండెడ్ లెదర్. పేరులో తోలు ఉంది కాబట్టి అమాయకులు పడిపోతారు. పీయూ లెదర్ అంటే బట్ట మీద పాలీయూరిథేన్ పూత. వేడీ తేమా కలిస్తే ఆ పూతలోని రసాయన బంధాలు తెగి పొరలు పొరలుగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. సాదా సోఫాలో రాలడం మొదలైతే ఒక కుషన్‌కు గుడ్డ మార్చుకోవచ్చు. బొత్తాల సోఫాలో ప్రతి మడతా ఒక పగులే. మొత్తం విప్పి కొత్తగా చేయించాల్సిందే, ఆ కూలి సోఫా ధరను అందుకుంటుంది. కాబట్టి డబ్బు చాలకపోతే మంచి బట్ట సోఫా కొనుక్కోవడం నయం. తోలే కావాలనుకుంటే మూడు సీట్ల నకిలీ బదులు రెండు సీట్ల అసలుది. ‘హాఫ్ లెదర్’ అనే బేరం కూడా జాగ్రత్త. ముందు తోలు, పక్కలకూ వెనకకూ పీయూ ఉంటుంది. అలాంటివాటిలో ముందుగా పాడయ్యేది ఆ పక్కలే.

తోలు లోపల ఏముందో కంటికి కనిపించదు, అడిగి తెలుసుకోవాలి. చట్రం బాగా ఆరిన టేకుతోనో సాల్ కర్రతోనో చేసి, చెదల మందు పట్టించి ఉండాలి. ముందు కాలు ఒకటి అరడుగు పైకి లేపండి. రెండో ముందు కాలు కూడా వెంటనే లేస్తే చట్రం గట్టిది. అది నేలనే అంటిపెట్టుకుని ఉంటే చట్రం మెలి తిరుగుతోందని అర్థం. ఫోమ్‌కు మన షాపుల్లో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెబుతారు. ఘనపు మీటరు ఫోమ్ బరువు ఎన్ని కిలోలో చెప్పే అంకె అది, గట్టిదనానికి కొలత కాదు. రోజూ కూర్చునే సీటుకు 40 దగ్గరలో ఉంటే మంచిది, వీపుకు 32 చాలు.

కొలతలు తీసుకోకుండా డబ్బు కట్టేసి తర్వాత బాధపడేవాళ్లు తక్కువేం కాదు. మూడు సీట్ల చెస్టర్‌ఫీల్డ్ సుమారు ఏడడుగుల పొడవు, మూడడుగులకు మించిన లోతు. చేతులు బయటికి చుట్టుకుని ఉంటాయి కాబట్టి అంత చోటూ కూర్చోవడానికి దొరకదు. అపార్టుమెంటు లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు, మెయిన్ డోరు, హాలు డోరు అన్నీ టేపు పెట్టి కొలుచుకోవాలి. కాళ్లు ఊడదీసే రకమైతే నాలుగైదు అంగుళాలు కలిసొస్తాయి.

ఇంటికి వచ్చాక పెద్ద పనేమీ ఉండదు. వారానికోసారి మెత్తని బ్రష్ పెట్టిన వాక్యూమ్ క్లీనర్‌తో మడతల్లో దుమ్ము లాగేయాలి. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తోలుకు అమ్మే కండిషనర్ రాస్తే చాలు. కొబ్బరినూనె, బూటు పాలిష్ వద్దు. శానిటైజర్ అసలే వద్దు, అందులోని ఆల్కహాల్ పై పూతను కరిగిస్తుంది. పడమటి కిటికీ ఎండ నేరుగా పడేచోట పెడితే రంగు వెలిసి తోలు ఎండి పగులుతుంది. కోస్తాలో వానాకాలం బూజు రాకుండా గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపి ఫ్యాను గాలి తగలనివ్వాలి. కొత్తది పాడవుతుందని డెలివరీ ప్లాస్టిక్ కవరును నెలల తరబడి అలాగే ఉంచేవాళ్లు లోపల తేమను బంధించి బూజును వాళ్లే పెంచుతున్నారు.

ఇన్నీ చూసుకున్నాక చివరి బేరం ధర గురించి కాకుండా బిల్లు గురించి చేయండి. తోలు ఏ రకం, సోఫా అంతటా అదేనా, ఫోమ్ డెన్సిటీ ఎంత, చట్రం ఏ కర్ర, ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి. అదే తోలు ముక్క ఒక చదరపు అడుగు, అరడజను బొత్తాలు విడిగా అడిగి తీసుకోండి. వీటికి ఒప్పుకోని షాపులో ఎంత తగ్గించి ఇచ్చినా కొనవద్దు.