‘అప్‌డేట్ అవుతోంది.. ఆగండి’: ఆఫీసు కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నడిపేదెలా?

ఆదాయ ధ్రువపత్రం కోసం వరుసలో నిల్చున్నారు. సరిగ్గా మీ వంతు వచ్చేసరికి కంప్యూటర్ ‘అప్‌డేట్ అవుతోంది.. ఆఫ్ చేయొద్దు’ అంటుంది. పక్క కౌంటర్‌లో మాత్రం పని సాగుతూనే ఉంటుంది. ఇందులో ఉద్యోగి తప్పు లేకపోవచ్చు. ఆ ఆఫీసు కంప్యూటర్లకు అప్‌డేట్ ఎప్పుడు వెళ్లాలో ఎవరూ నిర్ణయించి ఉండకపోవచ్చు.

ఏమిటీ సాఫ్ట్‌వేర్?

పది కంప్యూటర్లుంటే ఒక్కోదాని దగ్గర కూర్చుని సెట్టింగులు మార్చొచ్చు. వెయ్యి ఉంటే కుదరదు. అందుకే పపెట్, యాన్సిబుల్, మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ లాంటివి వచ్చాయి. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాములు ఉండాలి, ఏ సెట్టింగులు ఉండాలి అన్నది ఒక్కసారి రాసి పెడితే, వాటిని అన్ని కంప్యూటర్లలో అమలు చేయడం వీటి పని. ఉదాహరణకు, పపెట్ మామూలుగా ప్రతి 30 నిమిషాలకోసారి సరిచూస్తుంది. తన జాబితాలో ఉన్న సెట్టింగ్‌ను ఎవరైనా పొరపాటున మార్చినా మళ్లీ యథాస్థితికి తెస్తుంది.

ఇది లేకపోతే..?

2017 మే 12న ‘వాన్నాక్రై’ వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలైనా లక్షల కంప్యూటర్లకు అది చేరలేదు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయినట్లు అంచనా. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి.

కొన్నది కొన్నట్టు వాడితే చాలదా?

చాలదు. ఆఫీసుకు తగ్గట్టు మార్చుకోవాల్సినవి ప్రధానంగా ఇవీ:

* గ్రూపులు: కౌంటర్, అకౌంట్స్, శిక్షణ ల్యాబ్.. దేని అవసరం దానిదే. అన్నింటికీ ఒకే నిబంధన పెట్టకూడదు.
* సమయం: అప్‌డేట్లు రాత్రిపూట పెట్టుకోవడం మంచిదే. కానీ సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లే ఆఫీసులో ఆ అప్‌డేట్ ఎప్పటికీ అందదు. అక్కడ భోజన విరామమో, ఆఫీసు ముగిశాక ఒక అరగంటో కేటాయించాలి.
* మినహాయింపులు: వేలిముద్ర యంత్రం పాత డ్రైవర్‌తోనే పనిచేస్తుంటే దాన్ని మార్చకుండా ఉంచాలి. అయితే అది ఎప్పటివరకో గడువు రాసి పెట్టాలి. లేదంటే ఆ మినహాయింపే శాశ్వతమై, భద్రతకు చిల్లు పెడుతుంది.
* తెలుగు: యూనికోడ్ ఫాంట్లు, ఒకే కీబోర్డ్ అమరిక అన్నింట్లో ఉండేలా చూడాలి. ఒక కౌంటర్‌లో టైప్ చేసిన పేరు ఇంకో కౌంటర్‌లో గజిబిజిగా కనిపించకూడదు.
* నెట్ వేగం: మండల ఆఫీసులో 40 కంప్యూటర్లు ఒకే ఫైలును ఎవరికి వారు డౌన్‌లోడ్ చేసుకుంటే సేవలు నత్తనడక నడుస్తాయి. ఒక్కసారి స్థానికంగా దించుకుని అందరికీ పంచే ఏర్పాటు ఉండాలి.

మరి ఒక్కసారిగా అందరికీ పంపితే?

అదీ ప్రమాదమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన లోపభూయిష్ట అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. మంచి మార్పు ఎంత వేగంగా వెళ్తుందో, తప్పు కూడా అంతే వేగంగా వెళ్తుంది. అందుకే ముందు ఐదు కంప్యూటర్లకు, రెండు రోజులు చూసి యాభైకి, ఆ తర్వాతే అన్నింటికీ పంపాలి.

మీరేం అడగాలి?

మీరు ఆఫీసునో బడినో నడుపుతుంటే, కంప్యూటర్లు చూసే సిబ్బందిని ఈ మూడు ప్రశ్నలు అడగండి. గత నెల అప్‌డేట్ ఎన్ని కంప్యూటర్లకు చేరలేదు? కొత్త మార్పును ముందు ఎక్కడ పరీక్షిస్తున్నారు? తేడా వస్తే పాత స్థితికి తేవడానికి ఎంతసేపు పడుతుంది? వీటికి వెంటనే జవాబు రాకపోతే, ఆ ఇబ్బంది ఏదో ఒకరోజు వరుసలో నిల్చున్నవారిపైనే పడుతుంది.