మోటెల్‌ పోయినా... ముక్క మిగిలింది!

బైపాస్‌ రోడ్డు పడితే ఊళ్లోని హోటళ్ల గతి ఏమవుతుందో మనకు తెలిసిందే. అమెరికాలో ఓ పెద్దాయనకు 65 ఏళ్ల వయసులో సరిగ్గా ఆ కష్టమే వచ్చింది. అది రాకపోతే మన హైదరాబాద్‌, విజయవాడల్లో కేఎఫ్‌సీ బోర్డు మీద ఆ తెల్లగడ్డం తాత బొమ్మ కనిపించేదే కాదేమో!

ఆయన పేరు హార్లండ్‌ శాండర్స్‌. 1930లో కెంటకీ రాష్ట్రంలోని కార్బిన్‌ దగ్గర, 25వ నంబరు రోడ్డు పక్కన పెట్రోలు బంకు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లను తన ఇంటి భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెట్టి వడ్డించేవారు. రుచి నచ్చి జనం పెరిగారు. అలా రెస్టరెంటు, దాని పక్కనే మోటెల్‌ వెలిశాయి. కార్లలో వచ్చేవాళ్లు బండిని గది దగ్గరే ఆపుకుని బస చేసే హోటలే మోటెల్‌.

1939లో అగ్నిప్రమాదం అన్నిటినీ బూడిద చేసింది. శాండర్స్‌ కుంగిపోలేదు. 1940లో సుమారు 140 మంది కూర్చునే రెస్టరెంటుతో మళ్లీ మొదలుపెట్టారు.

ఇక్కడే ఆయన తెలివి చూడాలి. రాత్రి ఎక్కడ ఆగాలో తేల్చేది ఇల్లాలే, గది శుభ్రంగా ఉందని చూస్తేగానీ ఆమె ఒప్పుకోదు... అనుకున్నారాయన. అందుకే మంచం, దుప్పట్లతో సహా ఓ నమూనా గదిని రెస్టరెంటులోనే కట్టించారు. భోజనానికి వచ్చినవాళ్లు చూసి, నచ్చితే ఆగిపోయేవారు.

పెనం మీద కోడిని వేయించాలంటే అరగంట పట్టేది. అంతసేపు ఎవరు ఆగుతారు? అప్పుడే మార్కెట్లోకి వస్తున్న ప్రెషర్‌ కుక్కర్లను వేపుడుకు అనువుగా మార్పించుకున్నారు. (మన వంటింటి కుక్కర్లో మాత్రం ఈ ప్రయోగం వద్దు... ప్రమాదం!) పదకొండు దినుసుల మసాలా కూడా ఇక్కడే కుదిరింది.

అంతా బాగుందనుకుంటుండగా, ఊరిని తప్పించి వెళ్లే కొత్త హైవే ఖాయమైంది. కార్లు రాని చోట మోటెల్‌ ఎందుకు? 1956లో అమ్మేస్తే వచ్చిన డబ్బు అప్పులకే సరి. మిగిలింది నెలకు 105 డాలర్ల పింఛను. కుక్కరు, మసాలా కారులో వేసుకుని ఊరూరా తిరిగారు. తన పద్ధతిలో వండే హోటళ్ల నుంచి కోడికి కొన్ని సెంట్ల చొప్పున తీసుకున్నారు. 1964లో ఆ వ్యాపారాన్ని 20 లక్షల డాలర్లకు అమ్మారు.

కార్బిన్‌లోని పాత రెస్టరెంటు 1990లో మ్యూజియంగా ముస్తాబైంది. బాటసారులు నిద్రపోయిన గదులు ఇప్పుడు లేవు. ఎవరూ నిద్రపోని ఆ నమూనా గది మాత్రం... ఇంకా అతిథుల కోసం చూస్తూనే ఉంది!