జిందగీ తమాషా: సెన్సార్ అనుమతి ఉన్నా పాకిస్తాన్ థియేటర్లకు చేరని సినిమా

పాకిస్తాన్ దర్శకుడు సర్మద్ ఖూసట్ తీసిన 'జిందగీ తమాషా' 2020 జనవరి 24న ఆ దేశంలో విడుదల కావాల్సింది. సెన్సార్ సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. అంతకు కొద్ది నెలల ముందే దక్షిణ కొరియాలోని బుసాన్ చిత్రోత్సవంలో కిమ్ జిసోక్ అవార్డు కూడా దక్కింది. ఆ ఏడాది ఆ అవార్డును పంచుకున్న రెండో సినిమా మన మేఘాలయ నుంచి వెళ్లిన ఖాసీ చిత్రం 'యూదూహ్'.

అయినా అనుకున్న రోజున సినిమా విడుదల కాలేదు. ఆ తర్వాత కూడా కాలేదు. మూడున్నరేళ్లు ఎదురుచూసిన దర్శకుడు 2023 ఆగస్టులో దాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టేశారు.

సర్టిఫికెట్ ఇచ్చిన ప్రభుత్వమే విడుదలను ఎందుకు ఆపింది? సినిమాలో అంత అభ్యంతరకరమైనది ఏముంది?

ఎవరీ సర్మద్ ఖూసట్?

లాహోర్‌కు చెందిన సర్మద్ నటుల కుటుంబం నుంచి వచ్చారు. తండ్రి ఇర్ఫాన్ ఖూసట్ 1980ల్లో పీటీవీలో వచ్చిన 'అంధేరా ఉజాలా' సీరియల్‌లో హవల్దార్ పాత్రతో ఇంటింటికీ తెలిసిన నటుడు. ఫవాద్ ఖాన్, మాహిరా ఖాన్ నటించిన 'హమ్‌సఫర్' సీరియల్‌కు దర్శకుడు సర్మదే. 2011లో మొదలైన ఆ సీరియల్‌ను తర్వాత 'జిందగీ' ఛానల్ ద్వారా భారతీయులూ చూశారు.

టీవీలో అంత పేరొచ్చాక ఆయన అదే దారిలో సాగిపోవచ్చు. కానీ 2015లో రచయిత సాదత్ హసన్ మంటో జీవితంపై 'మంటో' సినిమా తీసి, ఆ పాత్ర తానే పోషించారు. కథల్లో అశ్లీలత ఉందంటూ దేశ విభజనకు ముందూ తర్వాతా కోర్టుల చుట్టూ తిప్పించిన రచయిత మంటో. ఆ తర్వాత సర్మద్ చేసిన పనుల్లోనూ ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సమాజం ఒక మనిషిని దోషిగా తేల్చేశాక అతనికి ఏం మిగులుతుంది?

24 గంటలు ఉరికొయ్య నీడలో

2018 అక్టోబర్ 10న, మరణశిక్ష వ్యతిరేక ప్రపంచ దినం నాడు, సర్మద్ లాహోర్‌లో ఏకధాటిగా 24 గంటల పాటు ఒక ప్రదర్శన ఇచ్చారు. పేరు 'నో టైమ్ టు స్లీప్'. ఉరిశిక్ష పడిన ఖైదీ చివరి రోజును గంట గంటకూ నటించడమే అందులో పని. దర్శకత్వం వహించింది ఆయన సోదరి కన్వల్ ఖూసట్. ఖైదీల తరఫున న్యాయపోరాటం చేసే జస్టిస్ ప్రాజెక్ట్ పాకిస్తాన్ దీని వెనుక ఉంది. ప్రదర్శన మొత్తం ఆన్‌లైన్‌లో ప్రత్యక్ష ప్రసారమైంది.

దీనికి ఆధారం జుల్ఫికర్ అలీ ఖాన్ అనే ఖైదీ జీవితం. జైల్లోనే చదువుకుని ఎన్నో డిప్లొమాలు సాధించి, తోటి ఖైదీలకు పాఠాలు చెప్పిన ఆయన్ను అందరూ 'డాక్టర్ జుల్ఫీ' అని పిలిచేవారు. ఉరితీత తేదీ ఖరారై, మళ్లీ వాయిదా పడటం ఆయన విషయంలో పదే పదే జరిగింది. 2014 డిసెంబర్‌లో పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్‌పై దాడి తర్వాత పాకిస్తాన్ మళ్లీ ఉరిశిక్షల అమలు మొదలుపెట్టింది. 2015 మేలో జుల్ఫికర్‌ను ఉరితీశారు.

ఈ ప్రదర్శనలో పెద్ద మలుపులుండవు. నిరీక్షణే ప్రధానం. ఆ తర్వాతి ఏడాది వచ్చిన 'జిందగీ తమాషా'లోనూ అదే నిదానం కనిపిస్తుంది.

ఒక పెళ్లిలో డాన్సు

లాహోర్ పాతబస్తీలో ఉండే రాహత్ ఖ్వాజా ఇళ్ల స్థలాల క్రయవిక్రయాలు చూసే పెద్దమనిషి. ప్రవక్తను కీర్తించే 'నాత్'లు పాడటంలో ఆయనకు పేరుంది. మంచం పట్టిన భార్యకు అన్నీ తానే చేస్తారు. టీవీలో పాత సినిమా పాటలు చూడటం ఆ దంపతులకు సరదా.

ఒక మిత్రుడి ఇంట పెళ్లిలో అందరూ బలవంతం చేస్తే ఆయన పాత పంజాబీ పాటకు నాలుగు అడుగులు వేస్తారు. ఎవరో దాన్ని ఫోన్‌లో తీసి సోషల్ మీడియాలో పెడతారు. అంతే, నిన్నటి దాకా గౌరవించిన వీధి ఆయన్ను వెలివేసినంత పని చేస్తుంది. టీవీ రంగంలో పనిచేసే కూతురు కూడా తండ్రి వల్ల తలవంపులొచ్చాయని బాధపడుతుంది. క్షమాపణ వీడియో చేస్తే గొడవ సద్దుమణుగుతుందని అంటారు. అందుకోసం మతపెద్దల దగ్గరకు వెళితే మాటా మాటా పెరిగి, విషయం దైవదూషణ బెదిరింపు దాకా పోతుంది.

రాహత్‌గా ఆరిఫ్ హసన్, భార్యగా సమియా ముంతాజ్, కూతురిగా ఈమాన్ సులేమాన్ నటించారు. సినిమా పేరు 1974 నాటి పంజాబీ చిత్రం 'నౌకర్ వోహ్టీ దా'లోని పాట నుంచి తీసుకున్నది. రాహత్ అడుగులు వేసిందీ ఆ పాటకే.

ఈ కథలో మతాన్ని విమర్శించే నాస్తికుడు లేడు. రాహత్ నమ్మకస్తుడు, చివరి దాకా నమ్మకస్తుడిగానే ఉంటాడు. తాను మంచి ముస్లింనేనని ఎవరి ముందు నిరూపించుకోవాలన్నదే అతని సమస్య.

ఎలా ఆగిపోయింది?

2010 నాటి 18వ రాజ్యాంగ సవరణ తర్వాత పాకిస్తాన్‌లో సెన్సార్ అధికారం రాష్ట్రాలకూ వచ్చింది. కేంద్ర బోర్డుతో పాటు పంజాబ్, సింధ్ బోర్డులు కూడా 'జిందగీ తమాషా'కు అనుమతి ఇచ్చాయి.

విడుదల దగ్గర పడుతుండగా తెహ్రీక్-ఎ-లబ్బైక్ పాకిస్తాన్ (టీఎల్‌పీ) అభ్యంతరం చెప్పింది. నాత్ పాడే వ్యక్తిని అలా చూపించడం మతానికి అవమానమన్నది దాని వాదన. సినిమా ఇంకా తెరకెక్కక ముందే నిరసన ర్యాలీలకు పిలుపునిచ్చింది. బెదిరింపులు వస్తున్నాయంటూ సర్మద్ ప్రధానినీ ప్రజలనూ ఉద్దేశించి బహిరంగ లేఖలు రాశారు. సినిమా ఎవరినీ కించపరచదని వివరించారు.

పంజాబ్, సింధ్ ప్రభుత్వాలు ప్రదర్శనను నిలిపేశాయి. కేంద్రం ఈ వ్యవహారాన్ని ఇస్లామిక్ సిద్ధాంత మండలికి పంపుతామని ప్రకటించింది. టీఎల్‌పీ తన పిలుపును వెనక్కి తీసుకుంది.

2020 జులైలో సెనేట్ మానవ హక్కుల కమిటీ సినిమా చూసి, అభ్యంతరకరమైనదేమీ లేదని తేల్చింది. ఆ ఏడాది చివర్లో 93వ ఆస్కార్ పోటీకి పాకిస్తాన్ తరఫున ఎంపికైందీ ఈ సినిమానే. 2022 మార్చిలో విడుదల చేస్తామని మరో తేదీ ప్రకటించినా అదీ కుదరలేదు. విదేశాల్లో దేశానికి ప్రతినిధిగా వెళ్లిన సినిమాను దేశంలోని ప్రజలు చూడలేకపోయారు.

ప్రభుత్వం ఎందుకు వెనక్కి తగ్గింది?

పాకిస్తాన్ శిక్షాస్మృతిలోని 295-సి సెక్షన్ ప్రకారం ప్రవక్తను దూషిస్తే మరణశిక్ష దాకా పడవచ్చు. అయితే ఆరోపణ వస్తే చాలు, కేసు కోర్టు దాకా వెళ్లకముందే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఈ చట్టాన్ని విమర్శించిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడు ముంతాజ్ ఖాద్రీయే కాల్చి చంపాడు. 2016లో ఖాద్రీని ఉరితీశారు. అతనికి మద్దతుగా సాగిన ఉద్యమం నుంచే టీఎల్‌పీ బలపడింది.

అందుకే టీఎల్‌పీ ఒక సినిమా పేరెత్తిందంటే థియేటర్ యజమాని నుంచి మంత్రి దాకా అందరూ ఆలోచిస్తారు. అధికారికంగా ఎవరూ 'జిందగీ తమాషా'ను శాశ్వతంగా నిషేధించాల్సిన అవసరం రాలేదు. వాయిదాలే ఆ పని చేసిపెట్టాయి.

సర్మద్ నిర్మాతల్లో ఒకరుగా ఉన్న 'జాయ్‌లాండ్' విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 2022లో కాన్ చిత్రోత్సవంలో అవార్డు పొందిన ఆ సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్‌ను కేంద్రం నవంబర్‌లో రద్దు చేసింది. సమీక్ష తర్వాత మళ్లీ అనుమతించినా, పంజాబ్‌లో మాత్రం ప్రదర్శన ఆగింది. లాహోర్‌లో తీసిన సినిమా లాహోర్ థియేటర్లకే రాలేదు.

మనకూ కొత్త కాదు

సర్టిఫికెట్ వచ్చాక సినిమాను ఆపడం సరిహద్దుకు ఇవతలా తెలిసిన వ్యవహారమే. రిజర్వేషన్లపై వచ్చిన తమిళ చిత్రం 'ఒరే ఒరు గ్రామత్తిలే' కేసులో 1989లో మన సుప్రీంకోర్టు స్పష్టమైన తీర్పు ఇచ్చింది. నిరసనలు, హింస జరుగుతాయన్న బెదిరింపును చూపి భావ ప్రకటనను అణచివేయలేరని, రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యతని చెప్పింది. అయినా 2011లో 'ఆరక్షణ్' సినిమాను ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ నిలిపేసింది. నిర్మాత సుప్రీంకోర్టుకు వెళితే, ఉత్తరప్రదేశ్ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది.

రెండు దేశాల మధ్య తేడా ఉంది. ఇక్కడ నిర్మాతకు చూపించుకోవడానికి సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అక్కడ సెనేట్ కమిటీ నిర్ణయం కూడా సినిమాను తెర మీదకు తేలేకపోయింది.

యూట్యూబ్‌తో సరిపోయిందా?

యూట్యూబ్‌లో పెట్టడం వల్ల సినిమా ప్రజలకు చేరింది. పాకిస్తాన్‌లోనే కాదు, భారత్‌లో ఉన్నవాళ్లకూ చూసే వీలు కలిగింది. కానీ టికెట్ల డబ్బు రాలేదు. సొంత సంస్థ మీద సినిమా తీసిన దర్శకుడికి అది చిన్న నష్టం కాదు. ఇలాంటి కథ రాసుకుంటున్న మరో కొత్త దర్శకుడికి పెట్టుబడి పెట్టేవాళ్లు ఈ అనుభవం చూసి వెనకాడతారు. పదిమంది మధ్య చీకట్లో కూర్చుని చూడాల్సిన సినిమాను ఎవరికి వారు ఒంటరిగా చూడాల్సి రావడం మరో నష్టం.

రాహత్ ఖ్వాజా పరువు తీసింది సెల్‌ఫోన్‌లో తిరిగిన కొద్దిసేపటి వీడియో. అతని పూర్తి కథను జనం చూడగలిగిందీ చివరకు సెల్‌ఫోన్‌లోనే. ఆ చిన్న వీడియో అతనెవరో చెప్పలేదు. ఈ సినిమా చెబుతుంది.